ఇరవై ఆరు గేట్లు... ఇటు పదమూడు, అటు పదమూడు!

'బోర్డర్' అనే మాట చెవిన పడగానే మన సినిమా జనానికి ఏం గుర్తొస్తుంది చెప్పండి? ముళ్ళకంచె, సెర్చిలైటు, మొరిగే కుక్కలు, చేతిలో సూట్‌కేసుతో విలన్... ఇంకొంచెం పాత సినిమాలు చూసే అలవాటున్న వాళ్ళకైతే ఆర్సన్ వెల్స్ గుర్తొస్తాడు. 1958లో ఆయన తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' సినిమా మొదలయ్యేదే అమెరికా, మెక్సికో సరిహద్దులో. ఒక కారు డిక్కీలో బాంబు పెడతారు. ఆ కారు బజారంతా దాటుకుంటూ బోర్డర్ గేటు దాకా వస్తుంది. కెమెరా ఒక్క కట్ కూడా లేకుండా మూడు నిమిషాలకు పైగా దాని వెంటే తిరుగుతుంది. నేను ఆ ఒక్క షాట్ కోసమే ఆ సినిమా నాలుగుసార్లు చూశాను. చిత్రం ఏమిటంటే అది అసలు బోర్డరే కాదు. కాలిఫోర్నియాలో వెనిస్ అనే పేటలో సెట్టు వేసి తీశారు. మెక్సికో ఆఫీసరుగా వేసిన చార్ల్‌టన్ హెస్టన్ కూడా పదహారణాల అమెరికావాడే!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆమధ్య మా పెద్దమ్మ కొడుకు శాన్‌డియాగో నుంచి ఫోన్ చేసి "శని, ఆదివారాలు టిహువానా వెళ్తున్నాం" అని తెగ పోజు కొట్టాడు. శాన్‌డియాగోలో ట్రాలీ రైలెక్కితే సరిహద్దు ఊరు శాన్ ఇసిడ్రోలో దింపేస్తుందట. అక్కణ్ణించి నడుచుకుంటూ ఇంకో దేశంలోకి పోవచ్చట! పోయేటప్పుడు ఇట్టే పోవచ్చు గానీ, తిరిగి వచ్చేటప్పుడు క్యూలో గంటల తరబడి నిలబడాలట. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ కాగితాలు అన్నీ దగ్గర పెట్టుకోకపోతే అంతే సంగతులు. అమెరికాలో మద్యం నిషేధం ఉన్న రోజుల్లో, అంటే 1920 నుంచి 1933 దాకా, హాలీవుడ్ జనం సరదాకి పరుగెత్తింది ఆ ఊరికే. 1928లో అక్కడ అగ్వా కాలియెంతే అని ఒక పెద్ద విలాస మందిరం కట్టారు. ఆ తర్వాత ప్రపంచాన్ని ఊపేసిన రీటా హేవర్త్ అప్పటికింకా పదిహేనేళ్ళు కూడా సరిగ్గా నిండని పిల్ల. వాళ్ళ నాన్నతో కలిసి అక్కడ డాన్సు చేసేది. 1935లో మెక్సికో ప్రభుత్వం జూదం మీద నిషేధం పెట్టడంతో ఆ వైభవం కాస్తా ముగిసింది.

ఫోన్ పెట్టేశాక నాకు ఉక్రోషం వచ్చింది. 'నీకేనా బోర్డరు? మాకు లేదా?' అనిపించింది. నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సెక్కి కూర్చుంటే, అక్కణ్ణించి ఇంకో పాతిక కిలోమీటర్లలో నాగార్జున సాగరం. కృష్ణకు ఇవతల విజయపురి సౌత్, అవతల హిల్ కాలనీ, పైలాన్. ఇవతల ఆంధ్ర, అవతల తెలంగాణ. మధ్యలో 26 గేట్ల డ్యామ్! మనకు ఇంతకంటే పెద్ద సెట్టింగు ఏ ప్రొడ్యూసర్ వేసిస్తాడండీ?

అలా పుట్టింది మా రెండు రోజుల ప్లాను.

తారాగణం

మొదట అనుకున్నది ముగ్గురమే. నేను, నాతో డిగ్రీ చదివిన గురజాల పిల్ల, మాచర్ల వదిన. వదినంటే సొంత వదిన కాదు, మా పక్కింటి అన్నయ్య భార్య. పుట్టిల్లు నల్గొండ జిల్లా హాలియా. పెళ్ళయి మాచర్ల వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆధార్ కార్డులో ఇంకా హాలియా అడ్రసే ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ముందు ముందు కథలో పనికొస్తుంది.

మూడు నెలలు డబ్బులు కూడబెట్టాం. మనిషికి రెండు వేలు, అంతకు మించకూడదని ఒట్లు కూడా పెట్టుకున్నాం. చలికాలమే ఎందుకు ఎంచుకున్నామంటే, ఎండాకాలంలో ఆ వైపు పోవడం తెలివిగలవాళ్ళు చేసే పని కాదు. మధ్యలో రెంటచింతల ఉంది మరి! ఏప్రిల్, మే నెలల్లో రేడియోలో ఉష్ణోగ్రతల వార్తలు వచ్చినప్పుడల్లా ఆ ఊరి పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. ఇక సాగరం నిండాలంటే ఎగువన శ్రీశైలం నిండి నీళ్ళు వదలాలి. మంచి వానలు పడిన ఏడాది ఆ ముచ్చట ఆగస్టులోనే జరుగుతుంది. 2024లో ఆగస్టు మొదట్లోనే గేట్లెత్తారు. నీటిమట్టం 590 అడుగులకు చేరితే నిండుకుండ అన్నట్టే. గేట్లెత్తిన వారం జనసముద్రంలో దోపుకుని చూస్తారా, నవంబరు, డిసెంబర్లలో నింపాదిగా నిండు నీళ్ళు చూస్తారా అన్నది మీ ఇష్టం. మేము రెండోదానికే ఓటేశాం.

అంతా బాగానే ఉంది. ఇక ఇంట్లో చెప్పాలి!

సెన్సారు

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. అంటే నో అన్నమాట.

"మాచర్లా? ముగ్గురు ఆడపిల్లలు? రాత్రి అక్కడ ఉండటమా?"

ఆయన భయం ఉత్తి భయం కాదు, ఒప్పుకోవాలి. 2024 మే 13న పోలింగు నాడు మాచర్లలోను, మా నరసరావుపేటలోను ఏం జరిగిందో దేశమంతా టీవీల్లో చూసింది. జిల్లా అంతా 144 సెక్షను పెట్టారు. మా వీధిలో రెండు రోజులు పాలప్యాకెట్టు కోసం కూడా ఎవరూ గడప దాటలేదు. అప్పట్నించి హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు వెతికినా "ఏ ఊరు?" అని అడిగేవాళ్ళు, "పల్నాడు" అనగానే ఒక రకంగా చూస్తున్నారు.

దీనికి తోడు మన సినిమా వాళ్ళు! 1984లో బాలకృష్ణ 'పల్నాటి పులి', మరుసటేడు కృష్ణ 'పల్నాటి సింహం', 1994లో కృష్ణంరాజు 'పల్నాటి పౌరుషం', 2003లో మళ్ళీ బాలకృష్ణే 'పల్నాటి బ్రహ్మనాయుడు', మొన్న 2022లో నితిన్ 'మాచర్ల నియోజకవర్గం'. పులి, సింహం, పౌరుషం... ఒక్కడైనా 'పల్నాటి పిక్నిక్' అని తీశాడా? వంద రోజులు పోయినా పోకపోయినా, మా ఊరి పేరుకు మాత్రం రక్తం రంగు పులిమి పెట్టారు. మన బ్రహ్మానందం గారు పుట్టిన చాగంటివారిపాలెం కూడా ఈ పల్నాడు జిల్లాలోదే. తెలుగువాళ్ళందర్నీ ఇన్నేళ్ళు నవ్వించిన మనిషి ఊరు ఇక్కడే ఉందని ఎవరికీ గుర్తుండదేం?

ఈ ఉపన్యాసమంతా నాన్న ముందు ఇచ్చాను. ఆయన మళ్ళీ పేపరు తెరిచారు.

అప్పుడు మూలన మంచం మీద నుంచి మా నాయనమ్మ గొంతు వినిపించింది. "ఏందే, సాగరం బోతున్నారా? నేనూ వస్తా."

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. గుడికి రమ్మన్నా రాదు. నాన్న ఏదో అనబోయారు. "అరవై ఏళ్ళుగా అడుగుతున్నా. మీ నాయన దీసుకుపోలా, నువ్వూ దీసుకుపోలా. దీంతోనన్నా పోనీయరా" అంది. నాన్న ఇంకేం మాట్లాడలేదు. సెన్సారు సర్టిఫికెట్టు చేతికొచ్చింది, నాయనమ్మను వెంటబెట్టుకుపోవాలన్న ఒక్క షరతుతో!

ఆవిడ పుట్టింది నాగార్జునకొండ లోయలో. ఇప్పుడు అక్కడ ఉన్నది నీళ్ళు.

రెండు రాజధానులు, ఒక కోడిపందెం

నరసరావుపేట నుంచి మాచర్లకు రెండు దారులు. కారంపూడి మీదుగా ఒకటి, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా ఇంకోటి. బస్సులో రెండు, రెండున్నర గంటలు పడుతుంది. రైలు సరదా ఉన్నవాళ్ళు గుంటూరులోనో, సత్తెనపల్లిలోనో ఎక్కితే నడికుడి మీదుగా మాచర్లలో దింపుతుంది. మాచర్లతో పట్టాలు అయిపోతాయి. అదే ఆఖరి స్టేషను. మాకు గురజాలలో స్నేహితురాల్ని ఎక్కించుకునే పని ఉంది కాబట్టి రెండో దారి పట్టాం.

పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ, ఆ తెల్లటి దుమ్ము మీకు తెలిసిందే. అక్కణ్ణించి కాస్త పక్కకు పోతే దాచేపల్లి. ఆ ఊరి ప్రత్యేకత ఏమిటో తెలుసా? మన శకుని పుట్టిన ఊరు! అదేనండీ, 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ పాండవీయం'లో శకునిగా వేసిన ధూళిపాళ సీతారామశాస్త్రి గారు. ఆ కళ్ళు, ఆ పాచికలు, ఆ పెదవి విరుపు... ఆ తర్వాత ఎంతమంది వేసినా నాకు మాత్రం శకుని అంటే ఆయనే.

గురజాలలో పిల్ల ఎక్కింది. ఎక్కడం ఎక్కడమే వదినతో ఫోన్లో తగాదా. విషయం నాగమ్మ! గురజాల వాళ్ళకు నాయకురాలు నాగమ్మను ఒక్క మాటంటే పడదు. మాచర్ల వాళ్ళకు బ్రహ్మనాయుడు దేవుడు. వదిన హాలియా నుంచి వచ్చిందన్న మాటే గానీ, రెండేళ్ళలో పక్కా మాచర్ల మనిషైపోయింది.

కథ మీకు తెలియంది కాదు. పన్నెండో శతాబ్దంలో దాయాదులు రాజ్యం పంచుకుని, ఒకరు గురజాల, ఒకరు మాచర్ల రాజధానులు చేసుకున్నారు. రెండు ఊళ్ళ మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. బస్సుకు గంట దారి లేదు! ఆ కాస్త నేలకు మధ్యలో ఒక సరిహద్దు, రెండు వైపులా ఇద్దరు మంత్రులు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు అడవుల పాలయ్యారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి పోయిన అలరాజును చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. ఇక కారంపూడిలో, నాగులేరు ఒడ్డున, యుద్ధం. ఈనాటికీ కార్తీక అమావాస్యకు అక్కడ వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. చూడాల్సినవే. కానీ ఆ రోజుల్లో సాగరం ట్రిప్పు కూడా కలుపుకోకండి. రెండూ సరిగ్గా చూడలేరు.

ఈ కథను సినిమా వాళ్ళు రెండుసార్లు బాగా తీశారు. 1947 నాటి 'పల్నాటి యుద్ధం' గూడవల్లి రామబ్రహ్మం గారు మొదలుపెట్టారు. మధ్యలో ఆయన పోతే ఎల్.వి.ప్రసాద్ గారు పూర్తి చేశారు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, కుర్రాడు అక్కినేని బాలచంద్రుడు. 1966లో గుత్తా రామినీడు తీసినదాంట్లో రామారావు గారు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, హరనాథ్ బాలచంద్రుడు, జమున మాంచాల.

నా అభిప్రాయం అడిగితే నేను గురజాల పిల్ల వైపే. ఆ కాలంలో ఒక ఆడది మంత్రిగా కూర్చుని రాజ్యం నడిపిందంటే మాటలా? ఆవిడే మగవాడై ఉంటే 'చాణక్యుడు' అనేవాళ్ళు. ఆడది కాబట్టి విలన్‌ని చేశారు. అయితే వదిన ఒక మాటంది, దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. "గట్లయితే చాపకూడు ఎవరు పెట్టిండ్రు? అన్ని కులాలోళ్ళను ఒక్క చాప మీద కూసోబెట్టి అన్నం పెట్టింది మా బ్రహ్మనాయుడే కదా!" అని.

మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి చూసి, చంద్రవంక ఒడ్డున కాసేపు కూర్చున్నాం. ఆ చంద్రవంకే ముందుకు పోయి ఎత్తిపోతల దగ్గర ఒక్కసారిగా దూకుతుంది. సుమారు డెబ్భై అడుగుల ఎత్తు. మాచర్ల నుంచి సాగరం పోయే దారిలోనే ఉంది కాబట్టి ముందు అదే చూసేయండి. పైన కట్టిన చోటు నుంచే చూడాలి. కిందికి దిగుదామని హీరోయిజం చూపించకండి. అక్కడ మొసళ్ళను పెంచుతున్నారు! వానాకాలం, చలికాలం అయితే జలపాతం. ఎండాకాలం పోతే మాత్రం పంపుకింద బకెట్టు పెట్టినట్టుంటుంది.

ఒక సరిహద్దు, ఎన్ని జన్మలు!

విజయపురి సౌత్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. రూము తీసుకుని, నాయనమ్మను కాసేపు పడుకోబెట్టి, మేం ముగ్గురం డ్యామ్ కనిపించే చోటికి పోయాం.

ఈ కృష్ణ ఎన్నిసార్లు సరిహద్దయిందో లెక్క వేస్తే తమాషాగా ఉంటుంది. తెల్లవాళ్ళ కాలంలో ఇటు మద్రాసు రాష్ట్రం, అటు నైజాం. 1953లో ఇటు ఆంధ్ర రాష్ట్రం, అటు హైదరాబాద్ రాష్ట్రం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన నాటికి కూడా ఈ ఒడ్డు వేరు, ఆ ఒడ్డు వేరు. 1956 నవంబర్ 1న రెండూ ఒకటయ్యాయి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు వచ్చి కాలువలకు నీళ్ళు వదిలేనాటికి ఇక్కడ సరిహద్దు లేదు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. 2014 జూన్ 2న మళ్ళీ గీత పడింది. ఈసారి గీత డ్యామ్ మీదికే వచ్చింది!

ఆ గీత ఎక్కడుందో జనమంతా చూసింది 2023 నవంబర్ ఆఖర్లో. తెలంగాణలో పోలింగు నవంబర్ 30న. తెల్లవారితే ఓట్లు. ఆ రాత్రి ఆంధ్ర పోలీసులు డ్యామ్ మీదికి వచ్చి, 26 గేట్లలో సగం మావే అంటూ 13వ గేటు దగ్గర ముళ్ళకంచె వేశారు. కుడి కాలువకు నీళ్ళు వదిలారు. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు. ఢిల్లీ వాళ్ళు కల్పించుకుని, డ్యామ్ కాపలా సి.ఆర్.పి.ఎఫ్.కు అప్పజెప్పాక గానీ వేడి చల్లారలేదు.

వదినకు ఆ రాత్రి బాగా గుర్తు. అప్పటికి ఆమెకు ఇంకా పెళ్ళి కాలేదు, హాలియాలో ఉంది. మాచర్ల సంబంధం మాటల్లో ఉంది. "మా నాయన ఒకటే మాటన్నడు. గేట్ల కాడ్నే గిట్ల కొట్టుకుంటుంటే నిన్ను ఆ దిక్కు ఎట్ల ఇయ్యాలె బిడ్డా, అని." సంబంధం నాలుగు నెలలు ఆగిపోయిందట. తర్వాత కుదిరింది, పెళ్ళయింది. పెళ్ళివారి బస్సు బ్రిడ్జి దాటుతుంటే వాళ్ళ నాన్న కిటికీలోంచి డ్యామ్ వైపే చూస్తూ కూర్చున్నాడట. మన వార్తల్లో గేట్ల లెక్కలు, క్యూసెక్కుల లెక్కలు వస్తాయి గానీ ఇలాంటివి రావు.

క్లైమాక్స్ నీళ్ళ మీద

మర్నాడు ఉదయం లాంచీ. నాగార్జునకొండ ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. మీరు ప్లాను వేసుకునేటప్పుడు రెండు సంగతులు మరిచిపోవద్దు. శుక్రవారం కొండ మీద మ్యూజియానికి సెలవు. లాంచీ జనం చేరితేనే కదులుతుంది, గాలి ఎక్కువైనా కదలదు. ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. మాకు గంటన్నర పట్టింది జనం చేరడానికి. నాయనమ్మ మెట్లు దిగడానికి ఇంకో పావుగంట. చివరి మెట్టు దగ్గర లాంచీ కుర్రాడు "మామ్మగారూ, నా భుజం పట్టుకోండి" అని దాదాపు ఎత్తుకుని కూర్చోబెట్టాడు.

ఈ లోయ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఇక్కడే. బౌద్ధ విహారాలు, స్తూపాలు, గుళ్ళు, వీటికి తోడు మెట్లు మెట్లుగా కూర్చుని చూసే రంగస్థలం కూడా. అంటే పల్నాడులో మొట్టమొదటి సినిమాహాలు లాంటిది, తెర లేదంతే! ఇక్కడి మహాచైత్యానికి స్తంభాలు పెట్టించినావిడ చాంతిసిరి అనే రాచకుటుంబపు స్త్రీ. దానాలు ఇచ్చిన వాళ్ళలో ఆడవాళ్ళ పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. 1926లో ఇది పురావస్తు శాఖ కంటపడింది. డ్యామ్ కడితే మునిగిపోతుందని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో హడావిడిగా లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీదికి, ఒడ్డున ఉన్న అనుపుకి తెచ్చి మళ్ళీ పేర్చారు.

రాళ్ళను తరలించారు సరే. మనుషుల సంగతి? లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళు ఉండేవి. మా నాయనమ్మ వాళ్ళ నాన్న ఆ తవ్వకాల్లోనే కూలికి పోయేవాడట. పగలు పాత ఊరు తవ్వేవాడు, సాయంత్రం తన ఊరికి వచ్చేవాడు. తవ్వకాలు ముగిశాక ఇళ్ళ వాసాలు పీకి బండి మీద వేసుకుని బయల్దేరారు. అప్పటికి ఈవిడకు పన్నెండేళ్ళు.

లాంచీ కదిలింది. పిల్లలు సెల్ఫీలు, అంత్యాక్షరి. నాయనమ్మ మాత్రం ఏ పక్కకూ తిరగకుండా కొండలకేసే చూస్తోంది. ముప్పావుగంట ప్రయాణంలో సగం దాకా ఒక్క మాట లేదు. తర్వాత ఉన్నట్టుండి లాంచీ కుర్రాణ్ణి పిలిచి "అబ్బాయ్, ఆ పంది ముట్టె లాగున్న కొండ యాడికి బోయింది?" అంది. వాడు తెల్లమొహం వేశాడు. ఆవిడే వెతికింది. నీళ్ళకు ఓ రెండు తాళ్ళ ఎత్తున, చిన్న దిబ్బలా కనబడుతున్నదాన్ని చూపించి, "అదే. కింద సగం మునిగింది, అందుకే ఆనవాలు దెలవటం లేదు" అంది. అక్కణ్ణించి వేలితో నీళ్ళ మీద గీసుకుంటూ వచ్చింది. "ఇది వాగు. ఇది చింతతోపు. ఇక్కడ మా బాయి. మా ఇల్లు..." అని లాంచీకి కుడివైపు నీళ్ళలోకి చూసింది.

మేమూ చూశాం. ఆకుపచ్చటి నీళ్ళు. అంతే.

గురజాల పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. నాయనమ్మ మాత్రం ఏడవలేదు. "ఏడుస్తావేందే పిచ్చిదానా! ఈ నీళ్ళే గదా కాలవలో బడి మనూరొచ్చింది. నన్ను మీ తాతకి చేసినప్పుడు ఆ పొలంలో జొన్న కూడా సరిగా పండేది కాదు. కాలవొచ్చాక వరి. ఈ పిల్ల నాయన్ని చదివించింది ఆ వరే" అని నన్ను చూపించింది. కాసేపు ఆగి, "అయినా ఒక్క మాట చెప్పి ముంచాల్సింది. చెప్పారంట్లే, పెద్దోళ్ళకి. మాబోటి పిల్లలకి ఎవురు చెప్తారు? చింతతోపులో నా బొమ్మరిల్లుంది" అంది.

ఇంతకాలం పల్నాడంటే జొన్నకూడు అని శ్రీనాథుడి పేర చాటువులు చెప్పుకుని నవ్వుకున్నవాళ్ళమే మనం. ఆ జొన్నకూడు వరన్నం కావడానికి ఎవరి చింతతోపు మునిగిందో నాకు ఆ లాంచీలోనే తెలిసింది.

కొండ మీద మ్యూజియంలో బుద్ధుడి శిల్పాలు, చెక్కడాలు తప్పక చూడండి, తొందరపడకుండా చూడండి. నాయనమ్మ మెట్టు ఎక్కలేనని చెట్టు కింద కూర్చుంది. మేం తిరిగి వచ్చేసరికి పక్కన కూర్చున్న గుంటూరు కాలేజీ పిల్లలు పదిమందికి తన ఊరి కథ చెబుతోంది. వాళ్ళు గైడుకు డబ్బులిచ్చినట్టే ఇవ్వబోతే తిట్టి పంపింది.

ఆ ఒడ్డున టిక్కెట్టు

మధ్యాహ్నం బోర్డర్ దాటాం. డ్యామ్ మీదికి మామూలు జనాన్ని పోనివ్వరు, దిగువన బ్రిడ్జి ఉంది. ఆ బ్రిడ్జి మీంచే డ్యామ్ ముఖం బాగా కనబడుతుంది, కెమెరా సిద్ధంగా పెట్టుకోండి. అవతల 2022 మేలో తెరిచిన బుద్ధవనం ఉంది. 274 ఎకరాలు. విశాలంగా, శుభ్రంగా ఉంది. సాయంత్రం నాలుగు తర్వాత పోతే ఎండ బాధ ఉండదు.

ఇక ఆధార్ కార్డు కథ! తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పేరుతో ఉచితం. రెండూ మంచివే. కానీ ఎవరి రాష్ట్రం ఆడవాళ్ళకు ఆ రాష్ట్రంలోనే! నరసరావుపేట నుంచి మేం ముగ్గురం సున్నా టిక్కెట్టు మీద దర్జాగా వచ్చాం. మాచర్లలో ఎక్కిన వదిన మాత్రం హాలియా కార్డు మూలాన డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుంది. అవతల ఒడ్డున తెలంగాణ బస్సెక్కాం. కండక్టరమ్మ కార్డులు అడిగింది. వదినకు ఉచితం, మా ముగ్గురికీ టిక్కెట్లు! వదిన మొహం చూడాలి అప్పుడు. "ఇప్పుడు నేను మహారాణిని, మీరు పరదేశులు" అంది. అత్తగారింటి బస్సులో టిక్కెట్టు, పుట్టింటి బస్సులో ఉచితం. అడ్రసు మార్పిస్తే ఇది తారుమారు. "మార్పించనా, వద్దా?" అని వదిన ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉంది.

సినిమా టిక్కెట్టు మాత్రం తక్కువ తిన్నదా? 2021 ఏప్రిల్లో ఆంధ్రలో 35వ నంబరు జీవోతో రేట్లు బాగా తెగ్గోశారు. అదే ఏడాది డిసెంబర్లో తెలంగాణలో పెంచుకోనిచ్చారు. 2022 మార్చిలో ఇక్కడ మళ్ళీ సవరించారు. ఆ నడుమ కొన్ని నెలలు ఒకే హీరో, ఒకే ఫైటు, ఒకే పాట. ఈ ఒడ్డున ఒక రేటు, ఆ ఒడ్డున ఇంకో రేటు!

ఆ రాత్రి మళ్ళీ విజయపురి సౌత్ రూములోనే ఉండి, తెల్లవారి బయల్దేరాం. అంటే అనుకున్న ఒక్క రాత్రి కాస్తా రెండు రాత్రులైంది. పోయినవాళ్ళెవరికైనా అంతే అవుతుంది. ముందే ఆ లెక్కన సెలవు పెట్టుకోండి. రాత్రి నాయనమ్మ "ఆ నాగమ్మ సినిమా పెట్టండే, పొద్దుట్నించీ తగూలాడుతున్నారుగా" అంటే, ఫోను దిండుకు ఆనించి 1966 నాటిది పెట్టాం. భానుమతి కనబడగానే గురజాల పిల్ల చప్పట్లు. రామారావు కనబడగానే వదిన చప్పట్లు. కోడిపందెం వచ్చేసరికి నాయనమ్మ గురక.

లెక్క తేల్చాక మనిషికి పదిహేడు వందల ముప్పై అయింది. నాయనమ్మ భాగం నాన్న ఇచ్చారు, అడక్కుండానే. వదిన మాచర్ల నుంచి కొన్న టిక్కెట్టు డబ్బులు మా ముగ్గురి మీదా పంచాలని గొడవ చేస్తోంది. అవతల ఒడ్డున మాకైన టిక్కెట్లు తన మీద వేస్తే ఆలోచిస్తామని కబురు పెట్టాం. జవాబు ఇంకా రాలేదు.